తినకుండా చెప్పొద్దన్నారు సార్

నిన్న సాయంత్రం మా మనవరాలు హాల్లో పెద్ద చార్టు పరుచుకుని దాని మీద బోర్లా పడుకుంది. ఇక్కడే జనగామలో మూడో తరగతి చదువుతోంది. పైన స్కెచ్ పెన్నుతో "మన పండుగలు - మన మతాలు" అని రాసి, కింద నాలుగు డబ్బాలు గీసింది. దుకాణంలో దొరికే బొమ్మల కాగితం నుంచి గుడి, మసీదు, గురుద్వారా, చర్చి కత్తిరించి డబ్బాకొకటి అతికిస్తోంది. బొమ్మ కింద వాళ్ళు ఏం చేస్తారో, పండుగకు ఏం తింటారో ఒక్కొక్క వాక్యం రాయాలట.

మూడు డబ్బాలు చకచకా నింపేసింది. నాలుగోదాని దగ్గర ఆగి తలెత్తింది.

"నానమ్మా, క్రిస్మస్ నాడు ఏం తింటరు? కేకు అని రాయాల్నా?"

చాలా చిన్న ప్రశ్న. నాకు అరవై దాటి చాలా ఏళ్ళయింది. అయినా మొహం తిప్పుకుని, ఆ గమ్ము సీసాకు మూత పెట్టవే, కంపు కొడుతోంది అని పిల్లను కసిరాను. పాపం, దాని తప్పేముంది.

మా రోజుల్లో గమ్మంటే తుమ్మబంకే. చలికాలం పొద్దున్నే తుమ్మచెట్ల మొదళ్ళ మీద కారి గట్టిపడి ఉండేది, బెల్లం పాకం రంగులో. సగం బడికి తెచ్చేవాళ్ళం, సగం నోట్లో వేసుకునేవాళ్ళం. రుచేమీ ఉండేది కాదు, అయినా పళ్ళకు అంటుకుని గంటసేపు వదిలేది కాదు. ఇంటికి వెళ్ళగానే మా నాయనమ్మ గుమ్మంలో నిలబెట్టి "ఏదీ, నోరు తెరువు" అనేది. నోరు వాసన చూసి ఏ చెట్టు ఎక్కామో, ఎవరి చెలకలో పడ్డామో చెప్పేసేది. రేగుపండ్లు, ఉడికించిన అనపకాయలు, దొంగతనంగా కొరికిన బెల్లం, ఏదీ ఆ ముక్కును తప్పించుకునేది కాదు.

రఘునాథపల్లికి కాస్త లోపలగా ఉండేది మా ఊరు. బడి అంటే రెండు గదుల పెంకుటిల్లు. నేను ఐదో తరగతిలో ఉండగా వానలు వెనకబట్టే వేళకు కొత్త సార్ వచ్చారు. కొత్తగూడ అడవి వైపు గూడెం నుంచి వచ్చిన కోయ మనిషి. సన్నగా, నల్లగా, నెమ్మదిగా మాట్లాడేవారు. మొదటి రోజు సంచిలోంచి ఎండిన ఇప్పపువ్వు తీసి తలా గుప్పెడు పెట్టారు. కిస్మిస్ లాగా తియ్యగా ఉంది, వాసన మాత్రం మత్తుగా గది నిండా పరుచుకుంది. ఆ మధ్యాహ్నం లెక్కలు ఎవరికీ ఎక్కలేదు. అరుగుల మీది పెద్దమనుషులు మాత్రం "అడివిల నుంచి వచ్చినాయిన మన పోరగాండ్లకు ఏం చెప్తడో" అని చుట్టలు కాల్చుకుంటూ నవ్వుకున్నారు.

పుస్తకంలో ఒక పాఠం ఉండేది. మన దేశంలో అనేక మతాలు కలవు, వారి పండుగలు ఇవి అని. సార్ దాన్ని ఒకసారి చదివి మూసేశారు.

"గిది చదివితె పరీక్ష రాస్తరు. ఎండాకాలం సెలవులల్ల మర్చిపోతరు," అన్నారు. "మా గూడెంల ఒక పద్ధతున్నది. ఒకలింట్ల తినకుంట వాళ్ళ ముచ్చట ఇంకోతాన చెప్పరు. మీరు గూడ గట్లనే చెయ్యాలె. ఎవ్వరింటి పండుగ వాళ్ళు చెప్పుకోవద్దు. పక్కోళ్ళింటికి పోవాలె, చూడాలె, తినాలె, అప్పుడొచ్చి చెప్పాలె. తినకుంట చెప్పద్దు."

వెనక గోడ మీద ఎర్రటి జాజుమట్టితో మా ఊరంతా గీశారు. వీధులు, వాగు, చెలకలు, బడికొచ్చే ప్రతి పిల్ల ఇల్లూ. ఎవరి ఇంటి గురించి చెప్పడం పూర్తయితే ఆ ఇంటి మీద సున్నంతో ఒక చుక్క పెట్టాలి. చుక్క పెట్టేముందు ఆ ఇంటి పిల్లను నిలబెట్టి "నిజమేనా?" అని అడిగేవారు. నిజమే అంటేనే చుక్క.

ఎవరు ఎవరింటికి వెళ్ళాలో చీటీలు తీశాం. నాకు సాయిబుల ఇల్లు వచ్చింది, ఊళ్ళో వాళ్ళది ఒకటే ఇల్లు. నా పక్కన కూర్చునే నా ప్రాణదోస్తు ఇల్లు ఎవడో పిల్లగాడికి వచ్చింది. గుప్పెడు రేగువడియాలు లంచమిచ్చి చీటీ మార్చుకున్నాను. వాడు రంజాను నాడు సాయిబులింటికి వెళ్ళొచ్చి, పాలల్లో ఉడికిన సేమ్యా బాగుంది సార్ అన్నాడు. ఎట్ల బాగున్నది అంటే, ఇంకింత తినాలనిపించింది సార్ అన్నాడు. నిజమేనా అని అడిగితే సాయిబుల పిల్ల లేచి "నిజమే సార్, మూడు గిన్నెలు తిన్నడు" అంది. మేము బెంచీల మీద పడి నవ్వాం.

నా దోస్తుది ఊరికి దక్షిణాన ఉన్న వాడ. వాళ్ళ తాత కాలంలోనే ఏసును నమ్ముకున్నారు. వాళ్ళమ్మ మా చెలకలో కలుపు తీసేది, కోతలు కోసేది, మా వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. ప్రతి అమాసకు గుడి అయ్యగారు మా ఇంటికి వచ్చేవాడు. మా ఇంట్లో వండింది ఆయన తినడు. అందుకని నాయనమ్మ చాటలో బియ్యం, పప్పు, బెల్లం, గుమ్మడికాయ పెట్టి స్వయంపాకం ఇచ్చేది. ఆ బియ్యం ఏరిన చేతులు నా దోస్తు వాళ్ళమ్మవే. దానికి మా నాయనమ్మకు గానీ అయ్యగారికి గానీ ఏ పట్టింపూ ఉండేది కాదు. బియ్యానికి పొయ్యి మీదికి ఎక్కాకే కులం వచ్చేది కాబోలు.

మా ఇల్లు నా దోస్తుకే వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు తలంటుకుని, తోకజడ వేసుకుని వచ్చింది. నాయనమ్మ దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మోదుగాకు విస్తరిలో ఐదు రకాల సద్దులూ పైనుంచి వడ్డించింది. మేము లోపల తిన్నాం, అది బయట తింది. అప్పుడు నాకు అందులో వింతేమీ కనబడలేదు. అది నిజం, దాచుకుని లాభం లేదు.

బళ్ళో అది చాలా బాగా చెప్పింది. నువ్వుల సద్ది నాలుకకు మెత్తగా తగిలిందని, పెరుగు సద్దిలో అల్లం ముక్క దొరికిందని, గునుగుపూలకు రంగులు ఎట్లా అద్దుతారో చూశానని. చివర్లో "నెయ్యి కాస్తె వాళ్ళింటి వాసన అరుగు దాక వస్తది సార్" అంది.

"అరుగు దాకనా?" అన్నారు సార్.

"ఔ సార్. అరుగు దాక."

నిజమేనా అని నన్ను అడిగారు. నిజమే సార్ అన్నాను. ఆయన కాసేపు నన్నే చూసి, చుక్క పెట్టుమని సున్నం గిన్నె దాని చేతికిచ్చారు.

కందిచేలు పూతకొచ్చాయి, చలి ముదిరింది, క్రిస్మస్ వచ్చింది. ఇంట్లో పెద్ద రభస అయింది. నాయనమ్మ ససేమిరా అంది. సర్పంచు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి మా నాయిన మాత్రం "పోనియ్యవే అమ్మా, వాడల మనకు ఓట్లున్నయి" అన్నాడు. అలా ఓట్ల పుణ్యాన నాకు సెలవు దొరికింది.

"పో, చూసిరా," అంది నాయనమ్మ. "నోట్లె మెతుకు పెట్టినవంటె మాత్రం వీపు పగులగొడ్త. గడప తొక్కనియ్య."

వాడ ఆ రోజు నాకు కలలో ఊరులా కనిపించింది. ప్రతి గోడకూ కొత్త సున్నం, అందులో నీలిమందు కలిపితే వచ్చే లేత నీలం. వెదురుబద్దలతో కట్టిన నక్షత్రం, దానికి ఎర్ర కాగితం. అతికించిన తుమ్మబంక మేమిద్దరం కలిసి ఏరిందే. ప్రార్థన ఒక గడ్డి కప్పు కింద జరిగింది. తాళాలు, డోలక్, ఆడవాళ్ళ పాట, మంచులో తడిసిన గడ్డి వాసన. నా దోస్తు వాళ్ళమ్మ తల మీద తెల్లని గుడ్డ కప్పుకుని కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ మా వాకిట్లో వంగి కనిపించే మనిషి అంత నిటారుగా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను.

వాళ్ళ తాత మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పాడు.

"నిండు చూలాలు బిడ్డా. ఊర్లె ఎవ్వలు చోటియ్యలే. ఆఖరికి పసులదొడ్లె గడ్డి మీద కన్నది."

నాకు మా బర్రెల దొడ్డి గుర్తొచ్చింది. పాపం, మా ఊరికి వచ్చి ఉంటే మా నాయనమ్మ చోటు ఇచ్చేది కదా అనుకున్నాను. తరవాత నాకే అనుమానం వచ్చి ఆ ఆలోచన అక్కడే ఆపేశాను.

పొయ్యి మీద కూర కుతకుతలాడుతోంది. బగార ఆకు వాసనకు నోరూరింది. కానీ నా దోస్తు వాళ్ళమ్మ నన్ను తినమని అడగనే లేదు. బయలుదేరేటప్పుడు తల మీది తెల్లగుడ్డ తీసి, అందులో ఏదో మూట కట్టి, గట్టిగా ముడి వేసి నా చేతిలో పెట్టింది.

"ఇంటికాడ తిను బిడ్డా. మీ నాయనమ్మకు సూపియ్యి, ఏమనది," అంది.

ఏమనకపోవడమేమిటి! ఈమెకు మా నాయనమ్మ సంగతి తెలీదా అనుకున్నాను. మూట బరువుగా ఉంది. దారిలో మా మోటబావి గట్టు మీద కూర్చుని చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. విప్పితే తినకుండా ఉండలేను. తింటే నోరు వాసన వస్తుంది. వాసన వస్తే వీపు పగులుతుంది. విప్పకుండానే బావిలోకి జారవిడిచాను. బుడుంగుమని మునిగిపోయింది. ఆ చప్పుడుకు బావి గోడలోని పావురాలన్నీ లేచాయి.

ఇంటికి వెళ్ళగానే నాయనమ్మ నోరు తెరిపించింది. వాసన చూసి తల నిమిరింది. ఆ మెప్పు నాకు అంత చేదుగా ఎప్పుడూ తగల్లేదు.

రెండు రోజుల తరవాత బడి తెరిచారు. నా వంతు. గోడల నీలం, నక్షత్రం, తాత కథ అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పాను. తిండి దగ్గరికి వచ్చేసరికి ఇంకా రెచ్చిపోయాను.

"అరిసెలు పెట్టిన్రు సార్. వేడివేడియి, నెయ్యి కారుతున్నయి. నువ్వులు అద్దిన్రు. తుంచితె పాకం తీగెలు తీగెలు సాగింది."

పిల్లలంతా గుటకలు మింగారు. సార్ నా దోస్తు వైపు తిరిగారు. "నిజమేనా అమ్మా?"

అది లేచి నిలబడింది. నావైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు ఈనాటికీ మరపు రాలేదు. అందులో కోపం లేదు. ఏదో వెతుకుతున్నట్టు ఉంది.

"నిజమే సార్," అంది. "అన్నీ నిజమే."

సార్ సున్నం గిన్నె నాకిచ్చారు. వాడలో వాళ్ళింటి మీద చుక్క పెట్టాను. సున్నం ఎక్కువై చుక్క కిందికి సాగిపోయింది.

మధ్యాహ్నం బోరింగు దగ్గర నీళ్ళు తాగుతుంటే అది పక్కకు వచ్చి నిలబడింది.

"మూట ఏడ పారేసినవే?"

నేను ఇంకో దోసెడు నీళ్ళు పట్టుకున్నాను.

"మాయింట్ల అరిసెలే చెయ్యలే," అంది నెమ్మదిగా. "గా మూటల బియ్యం ఉన్నయి, బెల్లం ముక్క ఉన్నది. వండింది పెడితె మీ నాయనమ్మ కొడ్తదని మా అవ్వ వండనియి పెట్టింది. మీరు అయ్యగారికి ఇయ్యరా, గట్ల. మీ చేన్లె పరిగె ఏరిన బియ్యం. పండుగకని దాసింది."

కోతలయ్యాక చేనులో రాలిన కంకుల్ని ఒక్కొక్కటీ ఏరుకోవడాన్ని పరిగె అంటారు. మధ్యాహ్నపు ఎండలో వాళ్ళమ్మ వంగి వంగి ఏరుతుండగా నేను గట్టు మీద రేగుపండ్లు తింటూ ఎన్నిసార్లు చూశానో.

"బియ్యం పోతె పోయినయి గని, గుడ్డ తెచ్చియ్యవా? మా అవ్వకు ప్రార్థనల కప్పుకునేతందుకు అదొక్కటే ఉన్నది," అంది. అడగడానికి అదే సిగ్గుపడుతున్నట్టు అడిగింది.

నేను ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. బడి వదలకముందే. నాయనమ్మ కాళ్ళ మీద పడి అంతా చెప్పాను. దెబ్బల కోసం వీపు వంచాను కూడా.

నాయనమ్మ కొట్టలేదు. "వండనియా?" అంది. "బియ్యమా?" అని ఇంకోసారి అడిగింది. పీట మీద కూలబడి వాకిలి వైపు చూసింది. "నన్ను అయ్యగారిని జేసిందా అది," అని తనలో తాను అనుకుంది. తరవాత అటక మీంచి పాతాళగరిగె దింపింది. అది బావిలో పడ్డ చేదలను తీసే ఇనుప కొక్కేల గుత్తి.

ఇద్దరం మోటబావి దగ్గరికి వెళ్ళాం. నాయనమ్మే తాడు పట్టుకుని గరిగెను దింపి, నీళ్ళ అడుగున నెమ్మదిగా తిప్పింది. నాలుగోసారికో ఐదోసారికో కొక్కెం ముడికి తగిలింది. పైకి వచ్చిన మూట ఉబ్బి ఉంది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. విప్పితే తెల్లగా, ముత్యాల్లా నానిన బియ్యం. బెల్లం జాడ లేదు, అదంతా బావి తాగేసింది.

"మూడొద్దులు నానినయి," అంది నాయనమ్మ గింజ నలిపి చూసి. "అరిసెలకు గిట్లనే నానాలె."

ఏడు నీళ్ళు కడిగి, నీడన ఆరబెట్టి, రోట్లో దంచింది. మా బెల్లం, మా నెయ్యి. నువ్వులు అద్దింది. పొయ్యి దగ్గర ఆమె గొణుగుతూనే ఉంది, బియ్యం నీళ్ళపాలు చేస్తే కళ్ళు పోతాయని, పాడు చదువులొచ్చాయని. నేను బళ్ళో ఆడిన అబద్ధం నా కళ్ళముందే నేతిలో పొంగి పైకి తేలింది. తుంచితే పాకం తీగెలు సాగింది కూడా.

గుడ్డ ఉతికి ఆరేసి, అరిసెలు అందులోనే కట్టి వాడకు పంపింది. నాకు రెండు పెట్టింది. తను ఒక్కటీ ముట్టలేదు. పన్ను నొప్పి అంది.

మరునాడు పొద్దున్నే అందరికంటే ముందు బడికి వెళ్ళి, గోడ మీది ఆ చుక్కను తడిచేత్తో తుడిచేశాను. సార్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను చూసుకోలేదు. "వచ్చే పండుగకు పెడ్దువులే," అన్నారు. అంతే, ఇంకేమీ అడగలేదు. వచ్చే పండుగకు నేను ఆ బళ్ళో లేను, ఆయనా లేరు. భూపాలపల్లి అవతల ఏదో ఊరికి బదిలీ చేశారన్నారు. తరవాత ఎప్పుడో ఆ గోడ కూడా కూలిపోయింది.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. అరిసెల దగ్గర ఆపేదాన్ని, అందరూ బాగుందనేవాళ్ళు. నాకూ అలాగే ఉండేది. కానీ నిన్న ఆ ఖాళీ డబ్బాను చూస్తుంటే లెక్క సరిగ్గా కనబడింది. బియ్యం వాళ్ళవి, పొయ్యి మాది. మా పొయ్యి మీద వండింది వాళ్ళు రెండుసార్లు తిన్నారు. వాళ్ళ పొయ్యి మీద వండింది మా ఇంట్లో ఎవరూ, ఎప్పుడూ తినలేదు.

నా దోస్తు ఎక్కడో లేదు. రఘునాథపల్లిలోనే ఉంది, ఆటోలో అరగంట. దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళిళ్ళకు, చావులకు కలుసుకుంటూనే ఉన్నాం. వాళ్ళింటికీ వెళ్ళాను. షుగర్ అన్నాను, శనివారం అన్నాను, బస్సు టైమైందన్నాను. టీ తాగి లేచాను. ప్రతి క్రిస్మస్‌కూ అది ఎవరో ఒకరి చేత నాకు సంచి పంపుతుంది. కందిపప్పు, కొత్తబియ్యం, బెల్లం. ఇన్నేళ్ళూ, ఒక్కసారి కూడా వండినది పంపలేదు. ఎంత తెలివైనదాన్నో చూడండి, అది ఎందుకో నాకు తట్టలేదు.

ఫోన్ చేశాను.

"ఏందే, గీ యాళప్పుడు యాదికొచ్చిన?" అంది.

"ఈసారి పండుగకు వస్తున్న," అన్నాను. "వండిపెట్టు. తిని పోత."

అటువైపు అది నవ్వింది. "మీ నాయనమ్మ కొట్టదా?"

"నాయనమ్మ పోయి నలభై ఏండ్లాయెగదనే."

"గదే," అంది. "గదే నేను గూడ అనుకుంటున్న, ఇన్నేండ్ల నుంచి."

వెంటనే అదే మళ్ళీ అందుకుని, ఏం వండమంటవు, కారం ఎంత తింటవిప్పుడు అని అడిగింది. ఏది వండినా సరే అన్నాను.

మనవరాలు స్కెచ్ పెన్ను పట్టుకుని ఇంకా ఎదురుచూస్తోంది.

"మరి ఏం రాయాలె నానమ్మా?"

"ఆ డబ్బా గట్లనే ఉంచు బిడ్డా. నువ్వు గూడ నాతోని వద్దువు. తిని వచ్చినంక రాద్దాం."

"రేపే ఇయ్యాలె. టీచర్ తిడ్తది."

"టీచర్‌కు నేను చెప్త," అన్నాను. పిల్ల నావైపు అనుమానంగా చూసి, పెన్నుకు మూత పెట్టింది. ఇద్దరం చార్టు చుట్టి బీరువా పక్కన నిలబెట్టాం. పండుగకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.